అత్తగారికి చదివిన ప్రతి

నేను ఒక నవలకు మొదటి ప్రతిని. అచ్చయిన పుస్తకాన్ని కాను. పుస్తకం కాకముందు అందరి చేతా చీవాట్లు తినడానికి పుట్టినదాన్ని. విజయనగరంలో కోట జంక్షన్‌కి దగ్గరున్న ఒక డీటీపీ సెంటర్లో, ఎవరివో పెళ్ళి శుభలేఖలకీ ఇళ్ళ స్థలాల కరపత్రాలకీ మధ్య సందు చూసుకుని, ప్రింటర్లోంచి వేడివేడిగా ఒక్కో కాగితంగా బయటపడ్డాను. సెంటరు యజమాని నా పక్కన వరసగా చిల్లులు పొడిచి, నల్లటి ప్లాస్టిక్ చుట్ట తొడిగి, నన్ను చేత్తో తూచి చూశాడు.

"ఇదంతా మీరే రాసేరాండీ?" అన్నాడు.

వారిజ తల ఊపింది. ఆ ఊపడంలో సిగ్గు ఎంత ఉందో గర్వమూ అంతే ఉంది. నన్ను చీర కొంగుతో ఒకసారి తుడిచి, టిఫిన్ క్యారేజీ ఉన్న సంచీలోనే పెట్టుకుంది.

వారిజ ఆర్టీసీ డిపోలో గుమాస్తా. పిల్లలకి బస్సు పాసులిచ్చే సెక్షన్లో ఆమె కుర్చీ. వయసు యాభై దాటింది. నా మొదటి పేజీ మీద 'డిపో దారి' అని ఉంది. అందులో మాలతి అనే అమ్మాయి కూడా డిపోలో గుమాస్తాయే. మాలతికి వరహాలమ్మ అని ఒక అత్త. రోజూ సాయంత్రం మాలతి గేటు తీయగానే వరహాలమ్మ అరుస్తుంది. ఆ అరుపుల మధ్య మాలతి ఎలా నిలదొక్కుకుందన్నదే నా కథ. కాగితానికి తన మీద ఏం రాశారో తెలుస్తుంది గాని, ఎవరి గురించి రాశారో తెలియదు. నాకది ఆ సాయంత్రమే తెలిసింది. వారిజ ఇంటికి చేరి గేటు తీసిందో లేదో లోపల్నుంచి ఒక గొంతు ఖంగుమంది.

"ఇప్పుడేటే రావడం?"

నా మొదటి పేజీలో ఉన్న మాటే. కాస్త కారం ఎక్కువ, అంతే. ఆ గొంతు వారిజ అత్తగారు అప్పలనరసమ్మది. వారిజ తిన్నగా పడగ్గదిలోకి వెళ్ళి, బీరువాలో పట్టుచీరల అడుగున నన్ను దాచి తాళం వేసింది. ఏళ్ళ తరబడి ఆదివారాలు కూడబెట్టి రాసిన నవలని ఇంట్లోవాళ్ళ కంట పడకుండా దాచుకోవలసి రావడం మనుషులకే చెల్లింది.

విజయవాడలో ఒక ప్రచురణకర్త వేసవి లోపల పంపితే చూస్తామన్నాడు. పంపేముందు, తను నమ్మిన ఇద్దరి చేత చదివించుకోవాలనుకుంది వారిజ. వాళ్ళలో మొదటి మనిషి గ్లోరీ. డిపోలో పక్క కుర్చీలో ఏళ్ళ పాటు కూర్చుని, మొన్ననే రిటైరైన స్నేహితురాలు.

"మొహమాటం లేకుండా చెప్పు" అని నన్ను ఆమె చేతిలో పెట్టింది వారిజ. మనుషులు ఈ మాట అనేటప్పుడు వాళ్ళ కళ్ళని చూడాలి. మొహమాటపడమని బతిమాలుకుంటూ ఉంటాయి.

గ్లోరీకి ఆ భాష తెలియదు. ఆమె నన్ను వంటింటి గట్టు మీద పెట్టుకుని, ఒక చేత్తో చేపల పులుసు కలుపుతూ, రెండో చేత్తో పెన్సిల్ పట్టుకుని చదివింది. నా అంచుల్లో 'అబ్బా' అని రాసింది. 'మళ్ళీ ఏడుపా?' అని రాసింది. ఒక పేజీ మీద పులుసు చుక్క పడితే కొంగుతో అద్ది, ఆ మరక చుట్టూ సున్నా చుట్టి, 'సారీ' అని కూడా రాసింది. చదవడం పూర్తయ్యాక వారిజని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టింది.

"వారిజా, ఏమనుకోకు. మీ మాలతిని లాగి ఒకటి కొట్టాలనిపించింది."

వారిజ మొహం పాలిపోయింది. "అదేంటే?"

"ఎప్పుడూ తనదే కరెక్టు. ఎప్పుడూ ఓర్చుకుంటాది. మన సెక్షన్లో అలాంటిది ఒకర్తి ఉంటే మనం దాంతో మాట్లాడేవాళ్ళమా? ఆ ముసలావిడ వచ్చినప్పుడే నాకు నిద్ర వదిలేది. కాని ఆవిడేటి, ఎంతసేపూ గేటు దగ్గరే ఉంటాది? అరవడానికి రావడం, అరిసీసి వెళ్ళిపోవడం. మధ్యలో ఎక్కడుంటాది? అన్నం తినదా? కూర్చోదా?"

వారిజ లేచింది. నన్ను తీసుకుని బస్సెక్కింది. దారి పొడుగునా నన్ను ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

రెండోవారు అప్పలాచార్యులు మాస్టారు. వారిజకి హైస్కూల్లో తెలుగు చెప్పినాయన. ఆయన ఎర్ర సిరా పెన్నుతో నన్ను ఆసాంతం గాయపరిచారు. వత్తులు దిద్దారు, విడిపోయిన సంధులు కలిపారు, పాత్రల నోట వచ్చిన 'ఏటి'లన్నిటినీ 'ఏమి'లు చేశారు. కథ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఒకచోట మాత్రం అంచులో 'ఇచ్చట అన్నము చల్లారినది' అని ఉంది. వారిజ ఆ పేరా అంతా వెతికింది. అందులో అన్నం ప్రసక్తే లేదు. మాలతి మొదటి జీతం అందుకుని బస్టాండు బెంచీ మీద ఒంటరిగా కూర్చునే ఘట్టం అది. కాసేపయ్యాక ఆమెకి వెలిగింది. చల్లారింది మాస్టారి పళ్ళెంలో అన్నం. చదువుతూ తినడం మరిచిపోయారాయన. వారిజ ఆ ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

అయినా గ్లోరీ అడిగినదానికి జవాబు మాస్టారి దిద్దుళ్ళలో లేదు. వారిజ ప్రతి ఆదివారం బీరువాలోంచి నన్ను తీసేది, వరహాలమ్మ ఉన్న పేజీల దగ్గర ఆగేది, పెన్ను మూత తీసేది, పెట్టేసేది. గేటు దాటి ఆ మనిషి వెనకాల లోపలికి వెళ్ళడం ఆమెకి చేతకాలేదు. వేసవి దగ్గరపడుతోంది.

అంతలో అప్పలనరసమ్మకి కుడికంట్లో శుక్లం తీశారు. కంటికి కట్టు కట్టి, పైన నల్ల కళ్ళద్దాలు పెట్టి పంపారు. ఎడమ కన్ను ఎప్పట్నుంచో అంతంతమాత్రం. వంగకూడదు, తలంటుకోకూడదు, టీవీ చూడకూడదు. ఇల్లంతా కలియదిరిగే మనిషిని మంచం మీద కూర్చోబెడితే ఎలా ఉంటుంది? గోడ గడియారాన్ని కూడా తిట్టేది, చప్పుడు చేస్తున్నావని. వారిజ సెలవు పెట్టి దగ్గరుంది.

గ్లోరీ బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చింది. క్షేమసమాచారాలయ్యాక, పాపం, అలవాటు కొద్దీ అడిగేసింది.

"దిద్దడం ఎంతవరకొచ్చింది వారిజా? ఆ వరహాలమ్మ సంగతి తేలిందా?"

వారిజ కళ్ళతో సైగ చేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"వరహాలమ్మెవులు?" అంది అప్పలనరసమ్మ.

"కథలో మనిషండీ. వారిజ నవల రాసింది కదా. మీకు చెప్పలేదా?"

ఆ తరవాత గ్లోరీ బత్తాయిల ధర గురించి చాలాసేపు మాట్లాడింది గాని ఎవరూ వినలేదు. ఆమె వెళ్ళిపోయాక ముసలావిడ మంచం మీద సర్దుకుని కూర్చుంది.

"తే. సదువు."

"పెద్దదత్తా. నీకు బోరు కొడతాది."

"టీవీ సూడొద్దన్నారు, పేపరు సదవొద్దన్నారు. ఇనొద్దని ఏ డాక్టరూ సెప్పనేదు. సదువు."

వారిజ బీరువా తాళం తీసింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నన్ను తెరిచింది. నేను పుట్టినప్పట్నుంచీ కళ్ళతో చదివినవాళ్ళే గాని, నన్ను పైకి చదివినవాళ్ళు లేరు. నా మాటలు ఒక గొంతులోంచి వస్తే ఎలా ఉంటాయో వినబోతున్నానని నేనూ ఆత్రంగానే ఉన్నాను. తీరా చూస్తే వారిజ నన్ను చదవలేదు. నన్ను దాటింది.

"మాలతి గేటు తీసి లోపలికి వచ్చింది" అని చదివి, వరహాలమ్మ అరిచిన పేరా మొత్తం వదిలేసి, "వంటింట్లోకి వెళ్ళి, తలుపు చాటున నిలబడి ఏడ్చింది" అని అందుకుంది.

"ఎందుకేడిసింది?" అంది అత్త.

"అలిసిపోయి."

"బస్సులో ఏడవకుండా, ఇంటికొచ్చీదాకా ఆపుకుని, తలుపు సాటుకెల్లి ఏడిసిందా, అలిసిపోయి?"

వారిజ గబగబా ముందుకు పోయింది. ఎక్కడ వరహాలమ్మ పేరు కనబడితే అక్కడ నా పేజీలు ఎగిరిపోయాయి. మాలతి ఊరికే ఉలిక్కిపడుతోంది, ఊరికే అన్నం మానేస్తోంది, ఎవరూ ఏమీ అనకుండానే పుట్టింటికి వెళ్ళి తిరిగొస్తోంది. ముసలావిడ కాసేపు ఓపిక పట్టింది.

"వారిజా. రెండు కాగితాలు ఒక్కపాలి తిప్పేవు. సప్పుడు తేడా తెలీదేటి నాకు? అయినా, అందరూ ఏడుస్తున్నారు గాని ఏడిపించీవోల్లు నేరు ఈ కతలో. ఆ ముసల్దాన్ని ఎక్కడ దాసేవు? మొదట్నించీ సదువు."

వారిజ స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. తరవాత నన్ను మొదటి పేజీకి తిప్పి, ఈసారి ఒక్క మాట వదలకుండా చదివింది. గొంతు తగ్గింది. వరహాలమ్మ మాటలు గేటు దగ్గర అరిచినట్టు కాక, ఆస్పత్రిలో గుసగుసలాడినట్టు వచ్చాయి. "ఇప్పుడా రావడం? ఊళ్ళో నీకేం పని?" అంది వరహాలమ్మ నా లోపల.

వారిజ ఆగి చూసింది. నల్ల కళ్ళద్దాల వెనక ఏముందో తెలియడం లేదు.

"సప్పగున్నాది" అంది అప్పలనరసమ్మ.

"ఏంటి?"

"తిట్టు. ఉప్పు నేదు. ఇలాగ తిడితే ఏ కోడలైనా ఎందుకేడుస్తాది? ఇలగ రాయి. 'దీపాలెట్టీ ఏల దాకా ఊరేగి రాడానికి నువ్వేటి సిరిమానెక్కినావేటే?'"

మా ఊరి పైడితల్లమ్మ జాతరలో పూజారి ఎక్కి ఊరేగే అంతెత్తు మాను సిరిమాను. వారిజ నోరు తెరుచుకుని చూసింది. ఆ మాట అత్త తనని నిజంగా అంది, ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఆ మాటకే ఆమె తలుపు చాటున ఏడ్చింది.

"అది రాద్దామనుకున్నానత్తా. బాగుండదని మానేశాను."

"బాగుండదని నానూరుకున్నానేటి? రాయి."

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వారిజ చదివేది, అత్త వినేది, చప్పగా ఉన్నచోటల్లా ఆపి ఉప్పేసేది. ఆ తిట్లన్నీ వారిజ నా అంచుల్లో, గ్లోరీ పెన్సిల్‌కీ మాస్టారి ఎర్ర సిరాకీ మధ్య దొరికిన జాగాలో, నీలం పెన్నుతో ఇరికించేది. వారిజ భర్త సన్యాసిరావు ఒకరోజు గదిలోకి రాబోయి, తల్లి చెబుతున్న తిట్టూ దాన్ని భార్య రాసుకుంటున్న శ్రద్ధా చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి, పొద్దున్నే నీళ్ళు పోసిన మొక్కలకి మళ్ళీ నీళ్ళు పోశాడు. ఇద్దరిలో ఒక్కరు కూడా వరహాలమ్మ ఎవరన్న మాట ఎత్తలేదు.

కాని చివరి అధ్యాయం ఒకటుంది. వారిజ దాని దగ్గరకొచ్చి నన్ను మూసేసింది.

"మిగతాది రేపు చదువుతానత్తా."

"మిగతాదేటున్నాది? ముసల్ది సచ్చిపోద్ది. అంతే కదా? సదువు."

వారిజ చదివింది. "వరహాలమ్మ పోయిన రోజు మాలతికి ఏడుపు రాలేదు. కర్మకాండలు అయిపోయాక మళ్ళీ డ్యూటీకి వెళ్ళి, సాయంత్రం వచ్చి గేటు తీసింది. ఇంట్లోంచి ఎవరూ అరవలేదు. మాలతి హాయిగా ఊపిరి పీల్చుకుంది."

ఆ పేజీ కింది మూల వారిజ బొటనవేలి చెమట ముద్ర ఇప్పటికీ ఉంది నాకు.

ముసలావిడ మంచినీళ్ళడిగింది. గ్లాసెడూ తాగింది. మూతి తుడుచుకుంది.

"అబద్దం నేదు" అంది.

"మార్చేస్తానత్తా. ఏడ్చినట్టు రాస్తాను. ఇది ఎప్పుడో, కోపంలో..."

"మార్సకు. రాని ఏడుపు రప్పిస్తే సదివీవోడికి తెలిసిపోద్ది. అలగే ఉండనీ." కాసేపాగి, "కాని ఒక మాట సెప్పు. ఇంట్లో ఎవులూ నేనప్పుడు ఆ వరహాలమ్మ ఏటి సేసీదో నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుందత్తా? నేను డిపోలో ఉండేదాన్ని కదా."

"మరి అడగాల. నవల రాసినదానివి."

వారిజ అడగలేదు. స్టూలు మాత్రం మంచానికి దగ్గరగా జరుపుకుంది.

"ఈ ఇంటికొచ్చీసరికి నాను సిన్నపిల్లని" అని మొదలుపెట్టింది అప్పలనరసమ్మ. "మా అత్తున్నన్నాల్లూ పగలు నడుం వాల్సనేదు. ఆవిడ పోనాక మావ మంచం పట్టేడు. ఆ మంచం ఖాలీ అయ్యీసరికి పిల్లలు. పిల్లలయ్యేక నువ్వొచ్చేవు. కోడలి ముందు పడుకుంటే ఏం మర్యాద? నువ్వు ఉద్యోగానికెల్లొద్దని అందరికంటే గట్టిగా అరిసింది నానే. నువ్వెల్లిపోనావు. మీ మావ మిల్లుకి, సన్యాసి ఆఫీసుకి. మొదటిపాలి ఇల్లు ఖాలీ అయిపోనాది. ఏటి సెయ్యాలో తెల్నేదు. నడిమింట్లో, గుమ్మానికి అడ్డంగా, కాల్లూ సేతులూ సాపుకుని ఎల్లకిలా పడుకున్నాను. దుప్పటి నేదు, తలగడ నేదు. సల్లగా గచ్చు. అందరూ తిరిగీ తోవ అది, ఎవులూ దాటనేరు. ఎంత బాగున్నాదో సెప్పనేను. రోజూ అదే. నువ్వు బస్సెక్కీదాకా ఎప్పుడెల్తావా అని సూసీదాన్ని."

వారిజకి నవ్వొచ్చింది. ఆపుకుంది.

"సాయంత్రం నువ్వు గేటు తీసీసరికి ఉలికిపడి లెగిసీదాన్ని. కొప్పూడిపోయి, సీర నలిగిపోయి. సూసేస్తావేమోనని సిగ్గు. నువ్వడక్కముందే నానరిసీదాన్ని."

ఆపుకున్న నవ్వు వారిజ నోట్లోంచి బయటికొచ్చింది. సగంలో అది వేరేదిగా మారింది. ఆమె నన్ను మొహానికి అడ్డం పెట్టుకుంది. నా మీద పులుసు పడింది, సిరా పడింది, అదీ పడింది. పేజీ ఉబ్బింది.

"నవ్వకే. ఈ మాట నీ మొగుడికి సెప్పకు."

"రాయొచ్చా అత్తా?"

"రాయి. వరహాలమ్మ సంగతి కదా, నాకేటి?"

రాయడం అంత తేలిగ్గా కాలేదు. నా వెనక వైపు ఖాళీ పుటల మీద రాసి కొట్టేసింది, మళ్ళీ రాసింది. ఒకసారి వరహాలమ్మ మరీ దీనంగా వచ్చింది, ఒకసారి మరీ ముద్దుగా వచ్చింది. ఒక సెలవురోజు మధ్యాహ్నం భర్త బజారుకెళ్ళాక, వారిజ నన్ను పక్కన పడేసి, తనే వెళ్ళి నడిమింట్లో గుమ్మానికి అడ్డంగా వెల్లకిలా పడుకుంది. అక్కణ్ణుంచి ఫ్యాను రెక్కల అంచుల్లో పేరుకున్న దుమ్ము కనబడుతుంది. తల తిప్పితే గేటు కింది సందులోంచి వీధిలో నడిచేవాళ్ళ పాదాలు మాత్రమే కనబడతాయి, మొహాలు కనబడవు. అప్పలనరసమ్మ మంచినీళ్ళ కోసం గదిలోంచి వచ్చింది. అప్పటికి కట్టు విప్పేశారు. గుమ్మం దాకా వచ్చి చూసింది. నీళ్ళు తాగకుండానే వెనక్కి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ సాయంత్రం వరహాలమ్మ కొత్త అధ్యాయం కుదిరింది.

రెండో ప్రతి పుట్టింది. నాకంటే సన్నగా, తెల్లగా, ఒంటి మీద మచ్చ లేకుండా ఉంది. దాన్ని చదివి గ్లోరీ ఫోన్ చేసింది. "మాలతి ఏడవలేదు గాని నేను ఏడ్చేనే" అంది. మాస్టారు ఈసారి 'ఏటి'ల జోలికి పోలేదు, సిరిమాను తిట్టు పక్కన చిన్న టిక్కు కూడా పెట్టారు. విజయవాడ వాళ్ళు ఒప్పుకున్నారు. వానలు మొదలయ్యే వేళకి పుస్తకం వచ్చింది, మంచి అట్టతో, వారిజ ఫోటోతో. గ్రంథాలయం హాల్లో సభ పెట్టారు. ఎవరో అప్పలనరసమ్మని అడిగారట, వరహాలమ్మ మీరేనా అని. "ఆవిడెవులో నానెరగను. తిట్లు మాత్రం నావే" అందట ఈవిడ. హాలంతా నవ్విందని వారిజ భర్తకి చెబుతుంటే బీరువాలోంచి విన్నాను.

పుస్తకం వచ్చాక మొదటి ప్రతితో పనేముంటుంది? ఒక ఆదివారం వారిజ పాత పేపర్లన్నీ కట్టకట్టి, ఆ కట్ట మీద నన్నూ పెట్టింది. కాగితాల బండివాడు వీధి మొగలో కేకేస్తున్నాడు. నాకు బాధ లేదు. నేను పుట్టిందే ఇంకొకరి కోసం చోటు ఖాళీ చేయడానికి. అప్పలనరసమ్మ వచ్చి, వంగి, కట్టలోంచి నన్ను లాగింది.

"ఇదెందుకత్తా? పుస్తకం ఉంది కదా."

"ఆ పుస్తకం ఊరికి. ఇది నువ్వు నాకు సదివింది."

వారిజ బండివాడికి మిగతా కట్ట ఇచ్చి గేటు వేసింది.

ఇప్పుడు నేను ముసలావిడ ట్రంకు పెట్టెలో, ఆవిడ పెళ్ళినాటి చీర మీద ఉంటాను. కర్పూరం వాసన పట్టింది నాకు. ఒంటి నిండా మూడు రంగుల గీతలు, పులుసు మరక, ఉబ్బిన పేజీ, చివర్లో ఒక బొటనవేలి ముద్ర. సన్నగా తెల్లగా ఉన్న నా చెల్లెలు ఊళ్ళ మీద తిరుగుతోంది. దాన్ని చూసి నేను కుళ్ళుకోను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కోరోజు పెట్టె మూత లేస్తుంది. కొత్త కళ్ళద్దాలు పెట్టుకున్న ఆవిడ నన్ను తీసి, దుమ్ము లేకపోయినా దులిపి, వారిజ ఒళ్ళో పెడుతుంది.

"ఇప్పుడు నీకు బాగా కనబడుతోంది కదత్తా. నువ్వే చదువుకోవచ్చు" అంటుంది వారిజ.

"నా కల్లకేటి, సూదిలో దారం ఎక్కిస్తున్నాను. నువ్వు సదువు" అని మంచం మీద వెనక్కి వాలుతుంది అప్పలనరసమ్మ.